పథ్యం కొట్టుకి వెయ్యి హ్యాష్‌ట్యాగులు

మా ఊరి పేరు చెప్పను. చెబితే దాని ముందు ఆ నాలుగు గీతల గుర్తు పెట్టి ఎవరో ఒకరు లెక్కలో కలిపేసుకుంటారు. కాలవ ఒడ్డు ఊరు, మున్సిపాలిటీ ఉన్న ఊరు. అంతవరకు చాలు.

పాత బస్టాండు వెనక సందులో మా అమ్మాయి ప్రసూనకి పథ్యం కొట్టు ఉంది. బాలింతలు తినే సరుకు అమ్ముతుంది. వెల్లుల్లి కారం, శొంఠి పొడి, వాము పొడి, వేయించిన ధనియాల కారం, వేవిళ్ళతో ఉన్నవాళ్ళు బుగ్గన పెట్టుకోవడానికి ఎండబెట్టిన ఉసిరి ముక్కలు. ఇరవై ఒక్క రోజులకు సరిపడా అన్నీ ఒక పెట్టెలో సర్ది, దానికి ‘తల్లీబిడ్డ క్షేమం’ అని పేరు పెట్టింది. దంచేది నేను, జల్లించేది నేను, భయపడేది నేను. మిగతా పనంతా అమ్మాయిదే. అల్లుడు రొయ్యల చెరువు గట్టు మీద జారిపడి నడుం విరగ్గొట్టుకున్నప్పటి నుంచి మా ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఈ కొట్టు పుణ్యమే. దీనికి తాళం పడితే ఏం తినాలో నాకు తెలియదు. రోజుకు నాలుగైదుసార్లు ఆ సంగతి గుర్తు చేసుకుంటూ ఉంటాను, మరిచిపోతే ఏమవుతుందోనని.

ఈ వ్యాపారం మిగతా వ్యాపారాల్లాంటిది కాదు. మూడో నెల దాటేదాకా కడుపు సంగతి పైకి చెప్పుకోరు. పురిటిగదిలోకి పరాయి కన్ను పడనివ్వరు. కొనడానికి వచ్చే ఆడవాళ్ళు చెంగు చాటున సంచి పెట్టుకుని, కూరలకు వచ్చినట్టు వచ్చి, పట్టుకుపోతారు. వాళ్ళ మొహాలు మాకు తెలుసు. తెలియనట్టు ఉండటమే మా పని.

ఫోనులో ఆ గుర్తు సంగతి ప్రసూనకు ముందే తెలుసు. కారం దంచిన రోజు రోకలిని ఫొటో తీసి, కింద ఆ గుర్తుతో రెండు మాటలు రాసేది. ఊరి పేరొకటి, సరుకు పేరొకటి.

“ఎందుకే అమ్మడూ ఇదంతా?” అని అడిగాను.

“ఎవరైనా బాలింత కారం ఎక్కడ దొరుకుతుందా అని వెతికితే మన కొట్టు కనబడుతుందమ్మా.”

“వెతకనివాళ్ళకి?”

“కనబడదు.”

అది విన్నాక నాకు కాస్త ఊపిరి ఆడింది. మనుషుల ఫొటో ఒక్కటి పెట్టేది కాదు. ఆ రెండు మాటలతోనే పక్క జిల్లాల నుంచి కూడా పార్సిళ్ళు అడిగేవారు. రెండు మాటలు చాలునన్న ముక్క మున్సిపాలిటీకి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా కమిషనరు దక్షిణామూర్తి గారు ఈమధ్య రెండు రోజుల శిక్షణకు వెళ్ళి వచ్చారు. ‘వ్యాపారాభివృద్ధికి హ్యాష్‌ట్యాగుల సమర్థ వినియోగం’ అని దాని పేరట. మొదటి రోజు పాఠం, రెండో రోజు సన్మానాలు. ఆయన మొదటి రోజు సాయంత్రానికి చేరుకున్నారని తర్వాత తెలిసింది.

తిరిగి రాగానే వ్యాపారులందరినీ కల్యాణ మండపానికి పిలిపించారు. రాకపోతే లైసెన్సు పోతుందన్నారు కాబట్టి హాలు నిండిపోయింది. ప్రసూన చెయ్యి పట్టుకుని వెనక వరసలో, తలుపు దగ్గర కూర్చున్నాను. ఎక్కడికి వెళ్ళినా తలుపు దగ్గరే కూర్చుంటాను.

కమిషనరు గారు మైకు సవరించుకున్నారు.

“ఈ పట్టణపు వెనకబాటుతనానికి మూలకారణాన్ని యంత్రాంగం గుర్తించినది. అది మురుగు కాదు. తాగునీరు కాదు. వీధి దీపాలు అంతకన్నా కాదు. హ్యాష్‌ట్యాగుల సాంద్రత లోపించుటయే!”

ముందు మూడు వరసలూ చప్పట్లు కొట్టాయి. ఆ మూడు వరసల్లోనూ మున్సిపాలిటీ వాళ్ళే కూర్చున్నారు.

ఆ తర్వాత నిబంధనలు చదివారు. ఇకనుంచి ఏ కొట్టులో ఏది అమ్మినా, అమ్మిన ప్రతిసారీ మున్సిపాలిటీ పేజీలో ట్యాగులు పెట్టాలి. కొన్నవాళ్ళ పేరు, వాళ్ళ వీధి, సరుకు, చివర అందరికీ ఉమ్మడిగా #మళ్ళీరండి. నెలాఖరుకు వెయ్యి ట్యాగులు లేని కొట్టుకు లైసెన్సు ఉండదు. “ట్యాగు పెట్టబడినది సత్యముగా భావించబడును. దానిని తొలగించుట శిక్షార్హము” అని రెండుసార్లు చదివారు. రెండోసారి నా వైపు చూసి చదివినట్టు అనిపించింది.

కాటి సామాన్లు అమ్మే గంగయ్య లేచి నిలబడ్డాడు.

“బాబయ్యా, నేను పాడెకి వెదుళ్ళూ కుండలూ అమ్ముతానండి. మళ్ళీ రండని నేనెలా పెడతానండి? కొడతారండి నన్ను.”

“మినహాయింపులు లేవు. నీ సేవల నాణ్యతపై నీకే నమ్మకం లేదా?”

“నమ్మకానికేంటండి. కానండీ, మా కొట్టు సరుకు మీద వెళ్ళినోడు మళ్ళీ రాడండి.”

“అదే లోపం. దానిని సరిదిద్దుటకే ఈ పథకం.”

గంగయ్య కూర్చోబోయి మళ్ళీ లేచాడు. “కొన్నోళ్ళ పేరంటే ఎవరి పేరండి? మోసుకెళ్ళేవాడిదా, వెళ్ళేవాడిదా?”

కమిషనరు గారు నిబంధనల కాగితం తిరగేశారు. “ఇద్దరిదీ పెట్టు. ట్యాగులు పెరుగుతాయి.”

నేను ప్రసూన చెయ్యి లాగాను. “పదవే, వెళ్ళిపోదాం. అత్తిలి నుంచి మీ మావయ్యని రమ్మందాం. కొట్టు అమ్మేద్దాం.”

“అమ్మితే కొన్నవాడి పేరు ట్యాగు పెట్టాలమ్మా. కూర్చో” అంది.

పథకం నడపడానికి హ్యాష్‌ట్యాగ్ ఇన్‌స్పెక్టరు అని కొత్త ఉద్యోగం పుట్టించి, అందులో భుజంగరావును వేశారు. అంతకుముందు ఆయన దోమల పొగ మిషను తిప్పేవాడు. ఉద్యోగం మారినా మనిషి మారలేదు. ప్రతి సందులోకీ దూరేవాడు, ఏదీ వదిలేవాడు కాదు, ఆయన వెళ్ళాక కాసేపటిదాకా ఎవరికీ ఏమీ కనబడేది కాదు.

వారం తిరిగేసరికి ఊరు తలకిందులైంది. టీ కొట్టు దగ్గర టీ తాగే పనికంటే వీధి పేరు చెప్పే పని ఎక్కువైపోయి, జనం కిళ్ళీ కొట్టు నీళ్ళు తాగి సరిపెట్టుకున్నారు. మంగలి కొట్టులో జుట్టుకు రంగు వేయించుకున్న పెళ్ళికొడుకు పేరు రంగు డబ్బా పేరుతో సహా ట్యాగులో పడింది. పెళ్ళివారు ముహూర్తానికి వచ్చారు గానీ, ముందుగా ఒక గిన్నెలో నీళ్ళు, ఒక తెల్ల తువ్వాలు తెచ్చుకుని వచ్చారు.

మా కొట్టుకు వచ్చిన కష్టం కుమ్మరి వీధి త్రివేణితో మొదలైంది. ఆ పిల్లకు మూడో నెల. అత్తగారికి ఇంకా చెప్పలేదు. ఉసిరి ముక్కలు తీసుకుని చెంగు కింద దాచుకుంటూ ఉండగా భుజంగరావు వచ్చాడు. మేము వద్దు వద్దంటూ ఉండగానే #త్రివేణి #కుమ్మరివీధి #వేవిళ్ళ_ఉసిరి #మళ్ళీరండి అని నొక్కేశాడు. గంటకల్లా ఆ పిల్ల అత్తగారు చేతిలో ఫోనుతో మా గుమ్మంలో నిలబడింది.

“నా కోడలు నీళ్ళోసుకుందని నాకు మున్సిపాలిటీ చెప్పాలా? అరటికాయలోడు చెప్పాలా? ఊరంతటికీ తెలిసాక ఆఖర్న నాకా?”

ఆమె కోపం న్యాయమైనదే. మంచినీళ్ళిచ్చాను.

మర్నాటి నుంచి మా కొట్టు వైపు ఆడపురుగు రాలేదు. ప్రసూన కూడా మొండికేసింది. “పేర్లు నేను పెట్టను. వాళ్ళు నన్ను నమ్మి వస్తారు. సరుకు పేరు పెడతాను, ఊరి పేరు పెడతాను. మనుషులు పోగా మిగిలిందంతా పెడతాను” అంది భుజంగరావుతో.

ఆయన జేబులోంచి కాగితం తీశాడు. “మీకున్నవి నలభై మూడు ట్యాగులు. కావాల్సింది వెయ్యి. ఇవాళ్టి నుంచి పదకొండో రోజు పొద్దున వస్తాను. లేకపోతే సీలు. ఏమనుకోకండి పిన్నిగారూ, మీరంటే నాకు గౌరవమే. లక్క కూడా మంచి రకం తెప్పిస్తాను.”

లక్క మాట వినగానే పీట మీద కూలబడ్డాను. సరిగ్గా అప్పుడే కమిషనరు గారి అటెండరు నూకరాజు, నెరిసిన మీసాల మనిషి, మెల్లగా లోపలికి వచ్చాడు.

“అమ్మగోరూ, మా సారుకి మళ్ళీ కడుపుబ్బరమండి. ఆ శిక్షణ భోజనాలు అరిగి చావట్లేదు. మీ బాలింత కారం ముద్ద తింటే గానీ కునుకు పట్టదంట. ఆ ఇరవయ్యొక్క రోజుల పెట్టె ఒకటి...” అంటూ పక్కనున్న భుజంగరావును చూసి మాట మింగేశాడు.

భుజంగరావు మొహం వెలిగిపోయింది. “సారే స్వయంగా! ఆదర్శ వినియోగదారుడు! ఊరంతా చూడాలండి ఇది!”

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. “వద్దు బాబూ. నీకు పుణ్యముంటుంది. అది బాలింత సరుకు. ఆయన పేరు దాని పక్కన పెడితే ఏం బాగుంటుంది?”

“నిబంధనకి మొహమాటం ఉండదండి, పిన్నిగారూ” అని ఫోను నాకు అందనంత ఎత్తుకు లేపి, ఒక్కో అక్షరమే పైకి చదువుతూ కొట్టాడు. #కమిషనర్_దక్షిణామూర్తి #కమిషనర్_బంగళా #బాలింత_పెట్టె #తల్లీబిడ్డ_క్షేమం #మళ్ళీరండి.

“మనల్ని జైల్లో పెడతారే” అన్నాను ప్రసూనతో.

“మనం పెట్టలేదు కదమ్మా.”

“పెట్టనివాళ్ళనే ముందు పెడతారు.”

మున్సిపాలిటీలో హ్యాష్‌ట్యాగు విభాగమని ఒక గది ఉంది, ఆ గదిలో ఒక కంప్యూటరు ఉంది. ఏ మాట ఏ శాఖకు చెందుతుందో చూసి దానంతట అదే పంపించేస్తుంది. ‘బాలింత’ను శిశు సంక్షేమానికి పంపింది. ‘తల్లీబిడ్డ’ను వైద్యానికి పంపింది. ‘కమిషనర్’ను జీతాల విభాగానికి పంపింది. దాని తప్పేమీ లేదు, దానికి చెప్పినట్టే చేసింది.

నాకు రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారగానే ప్రసూనను వెంటబెట్టుకుని కమిషనరు గారి కాళ్ళ మీద పడదామని బంగళాకు వెళ్ళాను. మా కంటే ముందే అంగన్‌వాడీ టీచరు మరియమ్మ వచ్చి వరండాలో నిలబడి ఉంది. ఒక చేతిలో గుడ్ల అట్ట, ఒక చేతిలో పాల ప్యాకెట్లు, చంకలో తూకం మిషను.

“బాబుగారూ, బాలింత ఎక్కడండి?”

కమిషనరు గారు పేపరు దించారు. “ఎవరమ్మా బాలింత?”

మరియమ్మ లిస్టు చూసుకుంది. లిస్టు తిప్పి చూసుకుంది. “తమరేనండి.”

“నేను మగవాడిని!”

“ఇందులో ఆ గడి లేదండి.”

“నోరుముయ్! ఎవరో పొరపాటున...”

“ట్యాగు పెట్టబడినది సత్యముగా భావించబడును అని మాక్కూడా కాయితం వచ్చిందండి. కింద తమరి సంతకమే. మొదటి కాన్పుకి అందరూ ఇలాగే కంగారు పడతారండి, సిగ్గుపడకూడదు. రండి, బరువు చూద్దాం.”

ఎలా ఎక్కించిందో ఏమో గానీ ఎక్కించింది. తొంభై రెండు కిలోలు. “బాలింతకి బలం బాగానే ఉందండి” అని రాసుకుంది. లోపలి నుంచి కమిషనరు గారి భార్య, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, “ఆ గుడ్లు ఇలా ఇవ్వమ్మా, పగిలిపోతాయి” అంటూ చెయ్యి చాపింది.

మేము కాళ్ళ మీద పడకుండానే వచ్చేశాం. పడటానికి ఆయన కాళ్ళు ఒక్కచోట నిలవలేదు.

ఆ మధ్యాహ్నం జిల్లా నుంచి మెమో వచ్చింది. “మీ పరిధిలో ఇంటివద్ద ప్రసవము జరిగినట్లు తెలియవచ్చినది. ఆసుపత్రిలో ఎందుకు జరపలేదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.” ప్రసవం జరగలేదని ఆయన జవాబు రాశారు. సాయంత్రానికి ఇంకో మెమో. “ప్రసవము జరగకుండా బాలింత ఎట్లు అయినారు? ప్రభుత్వ గుడ్లు ఎట్లు స్వీకరించినారు?”

జీతాల విభాగం ఇంకా మర్యాదగా ప్రవర్తించింది. అభినందనలు తెలిపి, ఆరు నెలల ప్రసూతి సెలవు ఇచ్చి, ఆయన కంప్యూటరు తెరుచుకోకుండా ఆపేసింది. అయినా మర్నాడు ఆయన ఆఫీసుకు వెళితే గేటు దగ్గర నూకరాజే చేతులు అడ్డం పెట్టాడట.

“సెలవులో ఉన్నోళ్ళు లోపలికి రాకూడదండి. పైగా గాలి తగలకూడదండి. చెవుల్లో దూది అయినా పెట్టుకోండి సార్.”

ఇన్‌ఛార్జి ఎవరన్న ప్రశ్న వచ్చింది. దానికీ కమిషనరు గారి ఉత్తర్వే ఉంది, ‘పెట్టిన ట్యాగుల సంఖ్యను బట్టియే సీనియారిటీ నిర్ణయించబడును’ అని. ఆ లెక్కన భుజంగరావు కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్న మొదటి గంటలోనే, దారిలో ఇద్దరు మనుషులు ఎదురుపడి పలకరించుకుంటే ఆ పలకరింపుకూ ట్యాగు ఉండాలన్నాడు. ఊళ్ళో జనం ఎదురుపడటం మానేశారు. రెండో గంటలో మా కొట్టు సీలు కాగితం మీద కమిషనరు స్థానంలో తానే సంతకం చేశాడు.

నేను దంచడం ఆపేశాను. ఎవరి కోసం దంచాలి? అల్లుడు మంచంలోంచే, “అత్తయ్యగారూ, రోకలి చప్పుడు లేకపోతే నాకు తోచట్లేదండి” అన్నాడు. ఆ మాటకు ప్రసూన లోపలికి వెళ్ళిపోయింది. ఏడుస్తుందనుకుని వెనకే వెళ్ళాను. ఏడవట్లేదు. మున్సిపాలిటీ వాళ్ళు పంచిన నిబంధనల పుస్తకం ముందేసుకుని చదువుతోంది. నూట పన్నెండు పేజీలు. మా ఊళ్ళో దాన్ని చివరిదాకా చదివిన మనిషి అది ఒక్కత్తే.

ఆరో రోజు మధ్యాహ్నం మండుటెండలో దుప్పటి కప్పుకున్న మనిషి మా దొడ్డి తలుపు కొట్టాడు. దొంగ అనుకుని రోకలి అందుకున్నాను. దుప్పటి తీస్తే కమిషనరు గారు. చెవుల్లో దూది ఉంది.

“అమ్మా, ఆ ట్యాగు తీసేయించండి. నా పరువు ఆంధ్ర దేశమంతా...”

“తీయడం శిక్షార్హమని మీరే రాశారండి” అంది ప్రసూన. “పంతొమ్మిదో పేజీ.”

“రాశాను. నేను కాదనను. ఇంకేదైనా దారి చూపించు తల్లీ.”

“తీయడానికి లేదు గానీ, ముగించడానికి ఉందండి. ఎనభై ఎనిమిదో పేజీ. సరుకు ఏ పని కోసం కొన్నారో ఆ పని పూర్తయిందని అమ్మినవాళ్ళు ఫొటోతో సహా ధ్రువీకరిస్తే ఆ ట్యాగు ముగిసినట్టే. మా పెట్టె పురిటి కోసం. పదకొండో రోజు నీళ్ళు పోస్తే పురుడు తీరుతుంది.”

“అయితే పోశామని రాసెయ్.”

“అబద్ధం రాయనండి. పోస్తేనే రాస్తాను.”

నేను ప్రసూనను పక్కకు లాగాను. “ఏమే, కమిషనరు గారికి నీళ్ళు పోస్తావా? నీకు మతి ఉందా?”

“నేను కాదమ్మా, నువ్వు పోస్తావు” అంది.

పదకొండో రోజు పొద్దున్నే మా దొడ్లో కాగు పెట్టి వావిలాకు వేసి నీళ్ళు కాచాను. కమిషనరు గారు లుంగీ కట్టుకుని, పీట మీద, తూర్పు ముఖంగా కూర్చున్నారు. పురుడు లెక్క ముగించడానికి వచ్చిన మరియమ్మ పసుపు రాసింది. భయానికి కళ్ళు మూసుకుని మొదటి చెంబు గోడకు పోశాను. రెండోది ఆయన నెత్తిన పడింది. ప్రసూన ఫొటో తీసింది. పక్కింటివాళ్ళు పిట్టగోడ మీదుగా చూస్తున్నారు, వెనకింటివాళ్ళు పెంకుల మీదకు ఎక్కి చూస్తున్నారు.

మరియమ్మ ట్యాబు తీసింది. “పురుడు ముగిసింది అని నొక్కుతానండి. ముందు ఈ గడులు నింపాలి. బిడ్డ ఆడా, మగా?”

“బిడ్డ లేదు!”

ఆమె వేలు గాల్లో ఆగిపోయింది. “లేదు అని నొక్కితే శిశుమరణం కింద పోతుందండి. జిల్లా నుంచి విచారణకొస్తారు. నన్నూ పిలుస్తారు, తమర్నీ పిలుస్తారు. ఎక్కడ పూడ్చారని అడుగుతారండి.”

కమిషనరు గారి గడ్డం మీదుగా పసుపు నీళ్ళు కారుతున్నాయి. చివరకు, “పదకొండు రోజుల నుంచి నన్ను నిద్రపోనివ్వకుండా ఏడిపిస్తున్నది ఆ పథకం ఒక్కటే. దాన్నే రాయి” అన్నారు.

“ఆడా, మగా అండి?”

“ఏదో ఒకటి!”

“ఆడపిల్ల అంటానండి, ఇంకో కిట్టు వస్తుంది. బరువు?”

ఎవరూ నవ్వలేదు. సారు వెంట వచ్చిన నూకరాజు సంచీలోంచి పథకం ఫైలు తీసి తూకం మీద పెట్టాడు. మూడు కిలోల నాలుగు వందలు. “ఆరోగ్యంగా ఉందండి. నెలన్నరకి టీకా” అంది మరియమ్మ, ‘ముగిసింది’ నొక్కుతూ.

అంతలో వీధి వైపు నుంచి కాలిన లక్క వాసన వచ్చింది. నేను పరుగెత్తాను. భుజంగరావు మా గుమ్మానికి గుడ్డ కట్టి, కొవ్వొత్తి మీద లక్క కరిగిస్తున్నాడు. నా వెనకే కమిషనరు గారు తడి లుంగీతో వచ్చారు.

“భుజంగరావ్! ఆగు!”

“తమరు సెలవులో ఉన్నారండి.”

“ముగిసిందండి, ఇప్పుడే నొక్కాను” అని ట్యాబు చూపించింది మరియమ్మ.

కమిషనరు గారు ఛాతీ విరిచారు. “అయితే విను. పథకం రద్దు!”

“అయ్యయ్యో, అలా అనకండి!” మరియమ్మ కేక పెట్టింది. “ఇప్పుడే పుట్టిందని రాశాం కదండీ. రద్దంటే మళ్ళీ అదే గడి. అదే విచారణ.”

భుజంగరావు తలూపాడు. “పథకం బతికుంటే సీలు కూడా ఉంటుందండి. నాకు వేరే దారి లేదు.” లక్క ఒక చుక్క మా గడప మీద పడింది. ప్రసూన ఆ చుక్క వైపే చూస్తోంది. ఏమీ అనట్లేదు. అది ఏమీ అనకుండా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు.

నేనేం చేశానో నాకు తెలిసి చేయలేదు. నూకరాజు ఆ ఫైలును తూకంతో సహా ఎత్తుకొచ్చి వీధి అరుగు మీద పెట్టాడు. వీధిలో జనం మూగి, ఒకరి మీదుగా ఒకరు దాన్ని తొంగి చూస్తున్నారు. ఫొటోలు తీస్తున్నారు. నోటికొచ్చేసింది.

“ఓలమ్మో, పసిబిడ్డని నడివీధిలో పెట్టి అందరికీ చూపిస్తారేంటండీ? కళ్ళన్నీ దాని మీదే ఉన్నాయి. దిష్టి తగిలి ఏమైనా అయితే ఎవరిదండీ పూచీ?”

అని నా భుజం మీది తువ్వాలు తీసి ఫైలు మీద కప్పేశాను.

కమిషనరు గారు తువ్వాలు వైపు చూశారు. నా వైపు చూశారు. ఆయన కళ్ళు మెల్లగా పెద్దవయ్యాయి. నూకరాజును కాగితం తీయమని, ఆ తడి లుంగీతోనే, ఆ పసుపు మొహంతోనే ఉత్తర్వు చెప్పారు.

“సదరు పథకము పసికందు అయినందున, అన్నప్రాశన వరకు దానిని ఎవరికీ చూపరాదు. దాని పేరు ఎవరూ పలుకరాదు. దాని పేరిట ఎవరిపైననూ చర్య తీసుకొనరాదు. అతిక్రమించినవారు శిశువు ఆరోగ్యమునకు హాని తలపెట్టినట్లు భావించబడుదురు.”

భుజంగరావు కొవ్వొత్తి ఊదేశాడు. మా లైసెన్సు మీద కమిషనరు గారు అక్కడికక్కడే సంతకం చేశారు. సంతకం చుట్టూ పసుపు మరక పడింది. చెరిగిపోతుందేమోనని నేను ఊదుతూ కూర్చున్నాను.

ఫైలును కమిషనరు గారి భార్య బీరువాలో పెట్టి తాళం వేసింది. మరియమ్మ నెలనెలా వెళ్ళి తూచి వస్తోంది. బరువు పెరగట్లేదని దిగులు పడుతోంది.

లైసెన్సు వచ్చింది గానీ జనం రాలేదు. కాలిన చేతులు కదా, ఎవరొస్తారు? వారం రోజులు ప్రసూన కొట్టు తెరిచి, ఊడ్చి, మూసింది. నేను దంచినంత కారమూ డబ్బాలో అలాగే ఉంది. సీలు పడకుండానే మూతపడే కొట్టు మాదే అవుతుందని అనుకున్నాను.

ఎనిమిదో రోజు రైతుబజారులో వంకాయలు ఏరుతుంటే పక్కన ఎవరో వచ్చి నిలబడి, నా వైపు చూడకుండా వంకాయలు తిప్పుతూ గొణిగారు.

“పిన్నిగారూ, ఉసిరి ముక్కలు ఉన్నాయాండి?”

చూస్తే భుజంగరావు. ఇదేదో కొత్త ఉచ్చు అనుకుని నా చేతిలో వంకాయ జారిపోయింది. “ఎవరికి బాబూ?”

ఆయన అటూ ఇటూ చూశాడు. కంఠం ఇంకా తగ్గించాడు. “మా ఆవిడకండి. మూడు రోజుల నుంచి ఒకటే వాంతులు. మా అమ్మకింకా తెలీదండి. మీకు దండం పెడతాను, ఎవరితోనూ అనకండి.”

“ట్యాగు పెట్టాలా బాబూ?” అని అడిగాను. నిజంగానే అడిగాను, తర్వాత మాట రాకూడదని.

ఆ మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. “చంపకండి పిన్నిగారూ” అన్నాడు.

సాయంత్రం వంకాయల మధ్య పొట్లం పెట్టి పంపించాను. మర్నాడు వాళ్ళ ఆవిడ చెల్లెలు వచ్చింది. ఆవిడ వెనక ఆవిడ ఎదురింటావిడ. ఆ మర్నాడు ముగ్గురు. ఎవరితోనూ అనకని భుజంగరావు వాళ్ళావిడకు చెప్పాడట, ఎవరితోనూ అనకని ఆవిడ చెల్లెలికి చెప్పిందట. కుమ్మరి వీధి త్రివేణిని వెంటబెట్టుకుని వాళ్ళ అత్తగారే వచ్చి పెట్టె చెప్పి వెళ్ళింది. ఇప్పుడు ప్రసూనకు తల దువ్వుకునే తీరిక లేదు. నేను రెండు పూటలా దంచుతున్నాను. అల్లుడు మంచంలోంచి రోకలి దెబ్బలు లెక్కపెడుతున్నాడు. ‘ఎవరితోనూ అనకు’ అన్న మాట మా ఊళ్ళో ఒక్క పూటలో తిరిగినంత దూరం ఆ వేల ట్యాగులన్నీ కలిసినా తిరగలేదు.

నాకిప్పుడు వేరే భయం పట్టుకుంది. ఈ కిటుకు కమిషనరు గారికి తెలిసిందంటే దీనికీ ఒక పథకం పెడతారు, కల్యాణ మండపానికి పిలుస్తారు, ప్రతి కొట్టూ నెలకు వెయ్యి రహస్యాలు చెప్పాలంటారు. అందుకే ఇదంతా మీకొక్కరికే చెప్పాను. ఎవరితోనూ అనకండి.